ఏతం, వడిసెల, 136 మీటర్లు

ఏప్రిల్ 9, 2024. ఉగాది

క్రోధి నామ సంవత్సరం. పచ్చడి తిని కొత్త నోటుబుక్కు తెరిచినాను.

మనవరాలు పదకొండో తరగతి పరీక్షలు ముగించుకొని తమిళనాడులోని మా ఊరు సామల్పట్టికి వచ్చింది. పొద్దున మొబైల్లో ఒక వీడియో చూపించింది. ఇంగ్లండులో వారిక్ కోట దగ్గర 18 మీటర్ల ఎత్తు, 22 టన్నుల బరువు ఉండే కట్టె యంత్రం. ఒక పక్క బరువుల పెట్టె ధబీమని దిగుతుంది, ఇంకో పక్క పొడుగు మాను లేస్తుంది, దాని కొనకు కట్టిన తాడు చుట్టు తిరిగి గుండును ఆకాశంలోకి వదిలేస్తుంది. దాని పేరు ట్రెబుషే. "తాతా, ఇది మనం చేద్దామా?" అనింది.

చూస్తూనే నాకు రెండు వస్తువులు కళ్ల ముందర కదిలినాయి. ఒకటి ఏతం. రెండోది వడిసెల. చిన్నప్పుడు మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టల్ని తోలినవాణ్ణి నేను. మా ఊరి పేరు పలికినప్పుడంతా నా చెవికి ఆ సామ చేలే వినిపిస్తాయి. మా నాయన ఏతం మాను మీద ముందుకూ వెనక్కూ నడుస్తా ఉంటే బావిలోనుంచి బాన పైకి వచ్చేది. ఆ ఏతం కొనకు బాన తీసేసి వడిసెల కట్టితే, అదే ఈ యంత్రం.

చేద్దామన్నాను.

ఏప్రిల్ 11

కాగితం మీద యంత్రం తయారు.

మాను పొడుగు 190 సెంటీమీటర్లు. ఇరుసుకు ఇవతల 40, అవతల 150. పొట్టి కొనకు రాళ్ల పెట్టె వేలాడుతుంది, 25 కిలోలు. పొడుగు కొనకు వడిసెల, అందులో ఎండబెట్టిన బంకమట్టి ఉండ, 250 గ్రాములు. పొడుగు కొనను కిందికి లాగి 45 డిగ్రీల వాలులో కట్టేస్తే పొట్టి కొన ఇరుసుకన్నా 28 సెంటీమీటర్లు పైన ఉంటుంది. వదిలితే ఇరుసు కింద 40 దాకా దిగుతుంది. అంటే పెట్టె మొత్తం 68 సెంటీమీటర్లు పడుతుంది.

25 × 9.8 × 0.68. సుమారు 167 జౌళ్లు. ఆ శక్తంతా చుక్క కూడా ఒలకకుండా ఉండకు చేరితే అది సెకనుకు 36 మీటర్లకు పైన వేగంతో లేస్తుంది. 45 డిగ్రీల్లో విడిపోతే 136 మీటర్ల దూరంలో పడుతుంది. ఇంత చుట్టు తిరగకుండా సులువైన దారి కూడా ఉంది: పెట్టె బరువును ఉండ బరువుతో భాగించి, పెట్టె పడిన ఎత్తుతో గుణించి, రెండింతలు చేస్తే చాలు. 100 × 0.68 × 2. ఈ లెక్కలో భూమి ఆకర్షణ కొట్టుకొని పోతుంది. చంద్రుని మీద విసిరినా అదే 136.

మనవరాలు ఆ అంకెను ఎర్ర పెన్నుతో పెద్దగా రాసి గోడకు అంటించింది.

ఏప్రిల్ 13

ఇరుసు, ఆనిక, మీట. ఈ మాటలు ఆమెకు కొత్త. మీటను ఆమె తమిళంలో నెంబుకోల్ అంటుంది. బళ్లో నేర్పింది అదే. నేను స్థితిజ శక్తి అంటే ఆమె నిలై ఆట్రల్ అంటుంది. నేను తెలుగు బడిలో చదువుకున్నవాణ్ణి. బళ్లో తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో వచ్చిన చట్టం తర్వాత మా పక్క పిల్లలకు బళ్లో తెలుగు అందడం కష్టమైపోయింది. మనవరాలు ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. అందుకని ఈ సెలవుల్లో యంత్రంలోని ప్రతి భాగం మీదా తెలుగులో పేరు రాసి కాగితం అంటిస్తామని ఒప్పందం. ఈ రోజు ఏడు పేర్లు కూడబలుక్కొని చదివింది. "ఇరుసు" రాయడం కూడా వచ్చేసింది.

ఏప్రిల్ 16

యంత్రాన్ని ఎండిన చెరువులోకి మోసుకొని పోయినాం. పొద్దున ఆరున్నర. రెండు వందల అడుగులకు మనిషి లేడు, పశువు లేదు. నియమం మొదటే పెట్టినాను: యంత్రం ముందరా వెనకా ఎవరూ నిలబడకూడదు, పక్కనే నిలబడాలి. గొళ్లెం లాగే తాడు ఐదు మీటర్ల పొడుగు. రాళ్లు విసరడం లేదు, మట్టి ఉండలే.

మొదటి ఉండ నిట్టనిలువునా పైకి పోయి యంత్రం వెనక నాలుగు మీటర్ల దూరంలో పడింది. వెనక కూడా నిలబడకూడదని ఎందుకు చెప్పినానో పిల్లకు అప్పుడు అర్థమైంది.

వడిసెలకు రెండు తాళ్లు. ఒకటి మానుకు కట్టేసి ఉంటుంది. రెండో దాని కొనకు తాళంచెవుల రింగు. మాను కొనలో దిగగొట్టిన తల లేని నాలుగంగుళాల మేకుకు ఆ రింగు తగిలించి ఉంటుంది. వడిసెల ఊగి మేకు వాలుకు రాగానే రింగు జారుతుంది, ఉండ విడిపోతుంది. మేకు నేరుగా ఉంటే రింగు ముందే జారుతుంది, ఉండ పైకో వెనక్కో పోతుంది. మేకును ముందుకు వంచితే రింగు ఆలస్యంగా జారుతుంది.

కొంచెం వంచినాం. ఈసారి ఆరు మీటర్ల ముందర నేలలోకి దిగబడింది. ఎక్కువ వంచినామన్నమాట. మళ్లీ పట్టకారుతో వెనక్కి, వెంట్రుక వాసి అంత. మూడోసారి చక్కగా లేచి, చెరువు మధ్యలో దుమ్ము రేపింది.

ఈ యంత్రంలో మనిషి చేత్తో సరిచేసేది ఏదన్నా ఉందంటే అది ఆ మేకు. దాని వంపుకు సూత్రం రాసుకోవచ్చు. కానీ రింగు ఎంత నునుపు, మేకు ఎంత తుప్పు అనేవి సూత్రంలో లేవు. నూనె రాసినప్పుడు ఒక వంపు, రాయనప్పుడు ఇంకో వంపు కావలసి వచ్చింది.

ఐదు విసుర్లు: 31, 28, 33, 30, 29. సగటు 30.

ఏప్రిల్ 17

గోడ మీద 136. నోటుబుక్కులో 30. వందకు 22 వంతులు.

పిల్ల ముఖం చిన్నబోయింది. "లెక్క తప్పా తాతా?" అని అడిగింది. లెక్క తప్పు కాదు. 167 జౌళ్లు నిజంగానే పెట్టెలోనుంచి దిగినాయి. అవి ఎక్కడెక్కడికి పోయినాయో చిట్టా రాయాల. రైల్వే సిగ్నల్ విభాగంలో పని చేసినన్ని రోజులు నా పని అదే: లీవరు దగ్గర లాగింది తీగ చివర సిగ్నల్ దాకా ఎందుకు చేరలేదో వెతకడం. తీగ సాగిందా, కప్పీ పట్టేసిందా, ఎండకు పొడుగైందా. లెవెల్ క్రాసింగు గేటు కూడా ఇట్లాంటి మానే. పొట్టి పక్క బరువు, పొడుగు పక్క గెడ.

ఏప్రిల్ 19

ఓటు వేసి వచ్చి కూర్చొని చిట్టా రాసినాం.

రాబడి 167.

ఉండ 30 మీటర్లు పోవాలంటే సెకనుకు 17 మీటర్ల వేగం ఉండాల. దానికి 36 జౌళ్లు. ఉండను నేల మీదనుంచి మూడు మీటర్ల పైకి తీసుకుపోయి వదలడానికి 7.

ఇక మాను. ఈ మానును లెక్కలో అసలు తీసుకోనే లేదు. మూడు కిలోల చదరపు కట్టె. దాని బరువు కేంద్రం ఇరుసుకు 55 సెంటీమీటర్లు అవతల ఉంది. పెట్టె దిగేటప్పుడు ఆ మూడు కిలోలు 94 సెంటీమీటర్లు పైకి ఎక్కాల. 27 జౌళ్లకు పైనే అక్కడ ఖర్చు. ఉండకు అందిన దానికి ముప్పావు వంతు కట్టెను లేపడానికే పోయింది. లేపడం ఒకటే కాదు, దాన్ని గిర్రున తిప్పడానికి ఇంకా కొంత.

36, 7, 27. మొత్తం 70. ఇంకా 97 జౌళ్లకు లెక్క తేలాల.

ఏప్రిల్ 22

పొరుగు కుర్రవాడి ఫోనులో సెకనుకు 240 చిత్రాలు తీసే వీలుంది. నెమ్మదిగా తిప్పి చూస్తే అన్నీ బయటపడినాయి.

ఉండ విడిపోయే క్షణంలో పెట్టె ఇంకా జోరుగా ఊగుతా ఉంది. మంచి యంత్రంలో అప్పటికి పెట్టె దాదాపు నిలిచిపోవాల. తన దగ్గర ఉన్నదంతా ఇచ్చేసిన మనిషి మాదిరి. మాది ఇవ్వకుండా తన దగ్గరే పెట్టుకుంది. ఉండ పోయినాక మాను ఇంకో ఆరుసార్లు అటూ ఇటూ ఊగింది. ఆ ఊగిన ప్రతి ఊపూ ఉండకు చేరవలసిన శక్తే.

ఇంకొకటి: చట్రం ముందు కాళ్లు వేలెడు ఎత్తు లేచి మళ్లీ పడుతున్నాయి. కంటికి కనిపించలేదు, ఫోనుకు కనిపించింది.

ఏప్రిల్ 25

వీధి చివరి పెద్దాయన, ఎనభై దాటినవాడు, కర్ర ఆనించుకొని వచ్చి చెట్టు కింద కూర్చున్నాడు. చాలాసేపు చూసినాడు.

"ఏమప్పా, ఇది ఏతం కదా?"

"అవును మామా, ఏతమే. నీళ్లకు బదులు మట్టి ఉండ విసురుతాది."

"ఏతం మాను ఎప్పుడన్నా ఇట్ల చదరంగా ఉంటాదా? మొదలు బరువు పక్కకి పెట్టల్ల, కొన బాన పక్కకి పోవల్ల. కొన లావుగా ఉంటే దాన్ని ఎత్తేకే మనిషి బలమంతా అయిపోతాది."

నాలుగు రోజులు నేను కాగితం మీద గుణించి పట్టుకున్న 27 జౌళ్లను ఆయన ఒక్క చూపుతో పట్టుకున్నాడు. చిన్నప్పుడు నేను చూసిన ఏతం మాను కూడా అట్లే ఉండేది. మొదలు లావు, కొన సన్నం. చెట్టు పెరిగినట్టే. రోజూ చూసిన వస్తువు ఆకారం ఎందుకట్లుందని ఒక్కసారీ అడగలేదు నేను.

ఏప్రిల్ 30

యూకలిప్టస్ వాసం ఒకటి తెచ్చినాం. రెండు కిలోల రెండు వందల గ్రాములు. లావు మొదలు పెట్టె పక్కకు, సన్న కొన వడిసెల పక్కకు. వేలి మీద నిలబెట్టి బరువు కేంద్రం చూస్తే ఇరుసుకు 35 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. లేపడానికి 27 బదులు 13 జౌళ్లు చాలు.

ఐదు విసుర్లు. సగటు 41.

పదకొండు మీటర్లు, పెద్దాయన మాటకు. పోయి చెప్పి వచ్చినాం. ఆయన నవ్వి, "రేపు నీళ్లు తోడండి దాంతో" అన్నాడు.

మే 3

ఇరుసు: కట్టె రంధ్రంలో ఇనుప కడ్డీ తిరుగుతా ఉండింది. ఎండకు కట్టె పగిలి కడ్డీని నొక్కుతోంది. పాత మోపెడ్ చక్రంలోని బేరింగులు రెండు కూర్చినాం. చట్రానికి ఏటవాలు పట్టీలు కొట్టినాం. సగటు 47.

మే 7

వడిసెల పొడుగు. మొదట నైలాను తాడు. లాగితే సాగుతుంది, అదీ ఒక దొంగ. జనప తాడు మార్చి మూడు పొడుగులు చూసినాం. 150 సెంటీమీటర్లకు 49 మీటర్లు, 120కి 46, 135కి 54. పొడుగు మారిస్తే మేకు వంపు కూడా మళ్లీ సరిచేయాలి; ఆ పనికే పొద్దంతా పట్టింది.

సాయంత్రం ఫోనులో చూస్తే ఉండ పోగానే పెట్టె ఒక్క క్షణం అట్లే నిలబడింది. మనవరాలు ఆ చిత్రాన్ని ఆపి ఇంట్లో వాళ్లందరికీ చూపించింది. ఇన్ని రోజుల్లో నాకు ఎక్కువ సంతోషం కలిగిన ఘడియ ఇది.

మే 12

ఈ రోజు దూరం కాదు, వేగం కొలిచినాం. ఎర్ర టేపుతో గీతలు వేసిన కొలకర్రను ఉండ దారి వెనక నిలబెట్టి, పక్కనుంచి ఫోను. ఒక చిత్రానికీ తర్వాతి చిత్రానికీ మధ్య ఉండ 10 సెంటీమీటర్లు జరిగింది. సెకనుకు 240 చిత్రాలు కాబట్టి వేగం 24 మీటర్లు. విడిపోయిన కోణం 40 డిగ్రీలు.

ఈ వేగానికి, ఈ కోణానికి, మూడు మీటర్ల పైనుంచి వదిలినదానికి గాలి లేకుంటే ఉండ 61 మీటర్లు పోవాల. పడింది 54 దగ్గర. ఏడు మీటర్లు గాలి తినేసింది. వ్యాసం ఆరు సెంటీమీటర్లు దాటిన మట్టి ఉండకు ఆ వేగంలో గాలి అడ్డు దాని బరువులో ఐదో వంతు ఉంటుందని లెక్క కట్టినాను. రెండూ సరిపోయినాయి.

ఉండకు ఇప్పుడు అందుతున్నది 72 జౌళ్లు. మొదటి రోజుకు రెండింతలు. పెట్టె అదే, పడే ఎత్తు అదే.

మే 18

వాన. చెరువులో బురద. ఇంట్లోనే.

ఓరుగల్లు గురించి చదువుతూ కూర్చున్నాను. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ సైన్యం కాకతీయుల కోటను చుట్టుముట్టినప్పుడు మగ్రిబీలనే రాళ్లు విసిరే యంత్రాలు నిలబెట్టినారు. బయటి కోట మట్టి గోడ. లోపలి కోట రాతి గోడ. అమీర్ ఖుస్రో ఖజాయిన్-ఉల్-ఫుతూహ్‌లో ఆ ముట్టడిని రాసినాడు. మగ్రిబీ గుండు తగిలినా తిరిగి వస్తుందన్నంత గట్టిదిగా ఆ మట్టి గోడను వర్ణించినాడు. చివరికి బయటి కోట పట్టుబడింది, ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకున్నాడు.

అదే పదేళ్లలో ఇంకా రెండు. 1301లో రణథంభోర్ ముట్టడిలో ఢిల్లీ సేనాని నుస్రత్ ఖాన్ కోట లోపలనుంచి వచ్చిన రాయి తగిలి చచ్చిపోయినాడు. 1304లో స్కాట్లండులో స్టిర్లింగ్ కోట ముందర ఇంగ్లండు రాజు ఎడ్వర్డ్ వార్‌వుల్ఫ్ అనే పెద్ద యంత్రం కట్టించి, లోపలివాళ్లు లొంగిపోతామన్నా దాన్ని విసిరి చూసేదాకా ఒప్పుకోలేదు. విసిరిన వస్తువు వంపు దారిని గెలీలియో గణితంలో పెట్టి అచ్చు వేసింది 1638లో. అంటే ఓరుగల్లు యంత్రాలు కట్టిన వడ్రంగులకు 45 డిగ్రీల సూత్రం లేదు, జౌలు లేదు. విసిరి చూసి, మేకు వంచి, మళ్లీ విసిరి చూసినవాళ్లు వాళ్లు.

ఖుస్రో గొప్ప కవి. కానీ ఆయన గెలిచినవాళ్ల ఆస్థానంలో రాసినాడు. గెలిచినవాళ్ల రాళ్లు ఎత్తుకు ఎగురుతాయి, ఓడినవాళ్ల రాళ్లు నీరసంగా పడతాయి. వర్ణన ఎంత ఉన్నా కొలత లేదు. కోట లోపల యంత్రాన్ని నడిపిన తెలుగు వడ్రంగి మాను ఎంత పొడుగుదో, రాయి ఎంత బరువుదో, ఎంత దూరం పోయిందో ఆ రాతలో దొరకదు. నాకు కావలసింది అదే.

మే 26

మా ఊరి పేరు భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో ఉంది. సామల్పట్టి చుట్టుపక్కల కార్బొనటైట్, సైనైట్, పైరాక్సినైట్, డ్యూనైట్ రాళ్లు కలిసి బయటపడతాయి. ఇన్నాళ్లూ పెట్టెలో వేసింది మామూలు గ్రానైటు ముక్కలు; ఘనపు సెంటీమీటరుకు 2.7 గ్రాములు. పైరాక్సినైట్ 3.2 దాకా ఉంటుంది. నల్లగా, చేతికి తీసుకుంటే అనుకున్నదానికన్నా బరువు తెలుస్తుంది. అదే పెట్టె నింపితే 25 బదులు 29 కిలోల 500 గ్రాములు తూగింది.

కాగితం లెక్క 136నుంచి 160కి లేచింది. చెరువులో 54నుంచి 60కి. దూరం పెరిగింది. వంతు మాత్రం వందకు 40నుంచి 37న్నరకు తగ్గింది. బరువు పెరిగే కొద్దీ చట్రం మళ్లీ ఊగడం మొదలుపెట్టింది, పెట్టె ఆగవలసిన చోట ఆగడం లేదు. వడిసెల, మేకు 25 కిలోలకు కుదిరినవి. 29న్నరకు మళ్లీ కుదర్చాల.

"దూరం గొప్పా, వంతు గొప్పా?" అని పిల్ల అడిగింది. కోట కొట్టేవాడికి దూరం. నేర్చుకొనేవాడికి వంతు. రెండు నిలువు గడులూ నోటుబుక్కులో పెట్టమన్నాను.

జూన్ 2

చట్రం కింద నాలుగు చక్రాలు వేసినాం. శక్తంతా బండి ముందుకూ వెనక్కూ ఉరకడానికే పోతుందని ఇంట్లో అందరూ అన్నారు. నాకూ మొదట అట్లే అనిపించింది. కానీ పెట్టె దిగేటప్పుడు చట్రం దాని కిందికి జరుగుతుంది, పెట్టె అర్ధచంద్రాకారంలో తిరగకుండా దాదాపు నేరుగా కిందికి పడుతుంది. పక్కకు ఊగడానికి పోయే శక్తి మిగులుతుంది. ఉండ విడిపోయే వేళకు చట్రం ముందుకు పోతూ ఉంటే ఆ వేగం కూడా ఉండకు కలుస్తుంది.

ఐదు విసుర్లు: 64, 66, 65, 63, 67. సగటు 65.

ఐదు గుంటలూ నాలుగు మీటర్ల లోపలే. మొదటి రోజు ఐదింటికీ ఐదు మీటర్ల తేడా ఉండింది, అదీ సగం దూరానికే.

జూన్ 5

బడి తెరిచే రోజు దగ్గరికి వచ్చింది. పిల్ల రేపు వెళ్తుంది. గోడ మీది 136 కాగితం తీయలేదు. దాని కింద 30, 41, 47, 54 వరుసగా రాసింది. 160 అని ఇంకో కాగితం అంటించి, దాని కింద 60, 65. పెరిగిన ప్రతి అంకె పక్కనా కారణం: మాను, ఇరుసు, వడిసెల, నల్లరాయి, చక్రాలు. తెలుగు అక్షరాల్లోనే రాసింది. "వడిసెల"లో ఒక్క తప్పు కూడా లేదు.

మధ్యాహ్నం పెద్దాయనను పిలుచుకొని పోయి ఆయన చెప్పిన చోట పాత ఏతం మాను ఒకటి చూసినాం. పశువుల కొట్టంలో దూలంగా పడి ఉంది. టేపు పట్టినాం. పొడుగు ఆరు మీటర్ల 40 సెంటీమీటర్లు. మొదలు చుట్టుకొలత 71 సెంటీమీటర్లు, కొన 34. ఇరుసు పెట్టిన గాడి మొదలునుంచి మీటరు 90 దగ్గర ఉంది.

మీ ఊళ్లో ఎక్కడైనా కొట్టంలోనో బావి గట్టునో ఏతం మాను మిగిలి ఉంటే, అది పొయ్యిలోకి పోకముందే ఈ నాలుగు కొలతలూ తీసి ఒక కాగితం మీద రాసి పెట్టండి: పొడుగు, మొదలు లావు, కొన లావు, ఇరుసు ఉన్న చోటు.